పడిపోయినవాడు మాట్లాడకూడదు

పడిపోయినవాడు మాట్లాడకూడదంట. ఎవడు పెట్టాడో ఈ రూలు, పెట్టినవాడి నోట్లో మన్ను పడ, పడిపోయినవాడు మాట్లాడక ఇంకెవడు మాట్లాడతాడు, నిలబడి ఉన్నవాడికి మాటలతో పనేముంది అని లోలోపల కుతకుతలాడిపోతూ, పైకి మాత్రం పెదాలు బిగించుకుని, ఎర్రప్ప శనక్కాయల మూటకు వీపు ఆనించి కూర్చున్నాడు. పావగడ బజారులో సీతారామ్ శెట్టి అంగడి మీదున్న గది అది. ఆదివారం మధ్యాహ్నం, కింద సీతారామ్ సగం తలుపు దించి కునుకు తీస్తున్నాడు. పైన ఆయన కూతురు తనుశ్రీ బల్ల మీద గళ్ల కాగితం పరిచి, గుహలూ గోడలూ గీసి, రాతిరాక్షసుడి బొమ్మను నడిమధ్య నిలబెట్టి ఆట ఆడిస్తోంది. రాక్షసుడికి ఎదురుగా చేతన్ బొమ్మ, దూరంగా బండల వెనక సహన బొమ్మ, రాక్షసుడి కాళ్ల దగ్గర పక్కకు ఒరిగి పడున్నది ఎర్రప్ప బొమ్మ. ఎర్రప్ప బొమ్మ అంటే ఎర్రప్ప ఆడించే కంబళి ఈరన్న. ఈరన్న ఏం చెయ్యబోతున్నాడో ఎర్రప్ప చెప్పాలి, అది కుదిరిందో లేదో పాచిక చెప్పాలి, కుదిరితే ఏమైందో తనుశ్రీ చెప్పాలి, ఆట మొత్తం అంతే. ఇందాకే రాక్షసుడు గద తిప్పి కొట్టాడు. చేతన్ చెయ్యి చాచి ఎర్రప్ప ఫోన్ అందుకుని, బొటనవేలితో టకటకా నొక్కి, "ప్రాణం సున్నా మామా, పడిపోయినావు" అన్నాడు, వీధిలో కరెంటు పోయింది అన్నంత తేలిగ్గా. ఇక మీదట ఈరన్న వంతు వచ్చినప్పుడల్లా పాచిక వెయ్యడం తప్ప ఎర్రప్పకు పని లేదు. మూడుసార్లు చెడ్డగా పడితే ఈరన్న చచ్చినట్టు. చచ్చినవాడు చోటు ఖాళీ చెయ్యాలి, ఎందుకంటే బల్ల చుట్టూ ఉన్న చోటు ఇంతే, జెరాక్స్ అంగడి నాగేశ్ ఆ చోటు కోసం ఉగాది నుంచి కాచుకుని ఉన్నాడు.

మాట్లాడకుండా ఎర్రప్ప ఎప్పుడున్నాడు గనక. పుట్టినప్పుడు బిడ్డ ఏడవలేదని అందరూ బెంబేలు పడితే, ఏడవక కాదు, ఏదో చెబుదామని నోరు తెరిచేసరికి మంత్రసాని మాట్లాడుతోందంట, ఆమె ముగిస్తే చెబుదామని ఆగాడంట, అలాగని ఆయనే చెబుతాడు. క్యాతగానచెర్లు బీడు భూముల్లో గొర్రెలు కాసిన రోజుల్లో ఎండ నెత్తికెక్కగానే కాపరులందరూ కానుగ నీడకు చేరేవాళ్లు, రాగిముద్ద విప్పకముందే "ఎర్రా, మొదలుపెట్టప్పా" అనేవాళ్లు, అప్పుడు ఆయన పొట్టేలు నాగలమడిక బస్సును ఒక్క గుద్దు గుద్దితే బస్సు వచ్చిన దారినే వెనక్కి పోయింది, కండక్టర్ దిగి పొట్టేలికే టికెట్ కొట్టి ఇచ్చాడు, అని చెబుతుంటే కాటయ్య ముద్ద గొంతులో అడ్డం పడి వీపు చరిపించుకునేవాడు, ఆహా, ఆ చరుపుల చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది, మరి కాటయ్య ఎక్కడ, కాటయ్య బెంగళూరులో వాచ్‌మన్, గొర్రెలు ఎక్కడ, గొర్రెలు అమ్ముడుపోయాయి, కానుగ ఎక్కడ, కానుగ ఉన్నచోట సోలార్ అద్దాలు, కంటి చూపు ఆనినంత దూరమూ అద్దాలు, ఆ అద్దాల వరసల మధ్య గడ్డి కొయ్యడం ఇప్పుడు ఆయన ఉద్యోగం. ఒకరోజు ఒక అద్దాన్ని ఎర్రప్ప ఎంత బాగా తుడిచాడంటే సూర్యుడు పోతూపోతూ అందులో మొహం చూసుకుని, మీసం దువ్వుకుంటూ అక్కడే నిలబడిపోయాడు, పొద్దు కుంకక కూలోళ్లందరూ రెండోసారి సద్ది విప్పుకున్నారు. ఎంత మంచి కథ. ఎవరికి చెప్పాలి దాన్ని? తోటి కూలోళ్ల చెవుల్లో వైర్లు. ఇంటికి పోయి చెబితే పెళ్లాం దాసమ్మ "నీ మాటలు పడలేకనే గొర్రెలు అమ్ముడుపోయినాయి, నన్నూ అమ్ముకో పో" అని చాట విసిరింది. ఆ వారమే కొడవలికి పిడి కొందామని బజారుకొచ్చి, సీతారామ్ అంగడి మెట్ల మీద నిలబడి సూర్యుడి కథ ఎత్తుకుంటే, లెక్కలు చూసుకుంటున్న తనుశ్రీ పెన్ను కింద పెట్టింది. పెన్ను కింద పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆఖరు దాకా విని, "మామా, పైన మేము ఒక ఆట ఆడతాం, నువ్వూ రా" అంది. ఆ పెన్ను కింద పెట్టడం ఉంది చూశారా, దాని కోసం ఆదివారం ఆదివారం బస్సెక్కి వస్తున్నాడు. ఆ చోటు ఇప్పుడు జెరాక్స్ నాగేశ్‌కు ఇస్తారంట.

మొదట్లో ఈ ఫోన్ పీడ లేదు. కాగితం మీద పెన్సిల్ గీతలు. ఈరన్న వడిసెల తిప్పి రాయి వదిలాడు, ఆ రాయి గోడకు తగిలి, పైకప్పుకు తగిలి, వెనక్కొచ్చి దొంగ చెవి వెనక తగిలింది అని ఎర్రప్ప చెబితే, తనుశ్రీ నవ్వి, "సరే, పాచిక వెయ్, చూద్దాం" అనేది. పడితే తగిలినట్టే, పడకపోతే ఆ రాయి ఇంకా తిరుగుతూనే ఉందనేవాడు ఎర్రప్ప. ఆ తర్వాత చేతన్ దిగబడ్డాడు. మంచివాడే, సొంత ఊరివాడే, సోలార్ పార్కులో మిషన్లు చూసుకునే ఉద్యోగం, బూట్లు వేసుకుని పోతాడు, కానీ ప్రతిదానికీ ఒక బటన్ ఉండాలి వాడికి. అందరి ఫోన్లలోనూ షీట్ అని ఒకటి ఎక్కించాడు. మనిషి పేరు, బలం, ఆయుధాలు, పక్కన ప్రాణం ఎంతుందో చూపించే పచ్చ గీత, అన్నీ అందులోనే. గొడ్డలి మీద వేలు పెడితే పాచిక అదే వేసుకుంటుంది, కూడికా అదే, తీసివేతా అదే. "ఇంగ నువ్వేం లెక్కలు చూసుకోబన్లేదు మామా, కొట్లాట జోరుగా పోతుంది" అన్నాడు. జోరు ఎవరిక్కావాలిరా, పెళ్లిభోజనం జోరుగా తింటారా ఎవరైనా? ఆ రోజే అడిగాడు ఎర్రప్ప, నా కంబళి యాడరా అని. చేతన్ వెతికి వెతికి, "ఇందులో కంబళి లేదు మామా, బ్లాంకెట్ ఉండాది, అదే పెట్టినా" అన్నాడు. బ్లాంకెట్! హాస్టల్లో పిల్లలు కప్పుకుని పడుకునేది. వాన పడితే గూడారం, చలేస్తే పొయ్యి, తోడేలు మీదికొస్తే ముంజేతికి చుట్టుకుంటే డాలు, దాని పళ్లు ఉన్నిలో ఇరుక్కుపోతే అది తెల్లారిందాకా ఊడపీక్కోలేక బతిమాలుకోవాలి, అదీ కంబళి అంటే. బ్లాంకెట్‌కు దెబ్బ ఆపే గుణం ఏమీ లేదంట, బరువు మాత్రం ఉందంట. అంటే మోసే శిక్ష ఈరన్నకు, దాని పుణ్యం మాత్రం దక్కదు. ఇందాక గద తగిలినప్పుడు కూడా ఎర్రప్ప కంబళి చుట్టుకున్న ముంజెయ్యి అడ్డం పెట్టానని అరిచాడు. తనుశ్రీ వెంటనే ఆయన మొహం చూడలేదు. ముందు ఫోన్ చూసింది. ఒళ్లు మండింది అక్కడే.

కొట్లాట సాగుతూనే ఉంది. చేతన్ మంత్రగాడు, చూపుడువేలితో ఫోన్ మీద ఒక పోటు పొడుస్తాడు, మంట లేచిందంటాడు, దబ్బున అంకె చదువుతాడు, అంతే, మంట ఎట్లా లేచింది, ఏ రంగులో లేచింది, రాక్షసుడి కనుబొమలు కాలాయా మీసం కాలిందా, ఒక్క ముక్క లేదు. కరెంటు బిల్లు చదివేవాడు కూడా అంతకంటే రసంగా చదువుతాడు. ఇంతలో ఈరన్న వంతు వచ్చింది. తనుశ్రీ నిజం పాచిక ఎర్రప్ప ముందుకు తోసింది, ఫోన్ పాచిక వెయ్యనని ఆయన మొండికేశాడు గనక ఆ ఒక్క మర్యాదా మిగిలింది. అరచేతిలో దొర్లించి, నుదుటికి ఆనించి, విసిరాడు. చెడ్డగా పడింది. చేతన్ "అయ్యయ్యో" అన్నాడు, షీట్‌లో ఒక చుక్క ఎర్రగా వెలిగింది. బండల వెనకనుంచి సహన, బయట మందుల షాపులో పనిచేసేదీ ఆమే, ఆటలో మందులమ్మగా ఆడేదీ ఆమే, తన ఫోన్‌లో పైకీ కిందికీ వెతికి, "లేపుదామంటే నా దగ్గర మందే లేదు మామా, ఉండే ఒక్క బుడ్డీ ఐపోయినట్టుండాది" అంది.

ఐపోయినట్టుండాదంట. ఎట్లా ఐపోతుంది, గాలికి ఆరిపోతుందా మందు, ఎవరి గొంతులోకో పోతేనే కదా ఐపోయేది, ఎవరి గొంతు, ఎవరి... ఎర్రప్ప ఆనుకున్న మూట మీదినుంచి నిటారుగా లేచి కూర్చున్నాడు. నా గొంతు! ఆ మందు తాగింది నేనే కదా! గుహలోకి దూరకముందు, వాకిట్లో ముళ్లపంది ఈరన్నను పొడిచినప్పుడు, సహన బుడ్డి మూత తీసి ఇచ్చింది. పాచికలు కూడా తనే వేసింది. చేతన్ అప్పుడు లేడు, పార్కునుంచి ఏదో మిషన్ కూత పెడుతోందని ఫోన్ వస్తే మెట్ల మీదికి పోయి ఆర్డర్లు వేస్తున్నాడు. "పడిందెంతో చూసి ఫోన్లో కలుపుకో మామా" అంది సహన. ఎర్రప్ప పాచికల వైపు చూశాడు, పడినంతా కళ్లకు అద్దుకున్నాడు, "చాలినంత పడిందిలే పాపా" అని, చేదు మందు తాగినట్టు మొహం పెట్టి, మూతి తుడుచుకున్నాడు. తాగడం తాగాడు, ఫోన్‌లో కలపలేదు. ఎందుకు కలుపుతాడు? ప్రాణానికి అంకె పెట్టి పలుకుతారా ఎవరైనా? గొర్రెలోళ్ల ఇళ్లలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు ఆ సంగతి. బస్సు నంబరు చెప్పొచ్చు, కిలోలు చెప్పొచ్చు, ఊపిరున్నదాన్ని మాత్రం వేలు పెట్టి ఎంచరు, ఎంచి నోటితో చెప్పరు, చెబితే దిష్టి, మర్నాటికి ఒకటి తగ్గుతుంది. వాళ్ల నాయన అట్లాగే బతికాడు జీవితమంతా. గొర్రెలకు సూదులేసే డాక్టరు వచ్చి, "ఎన్ని ఉండాయప్పా" అని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి అడిగితే, "ఉండాయి సార్, చాలినన్ని" అన్నాడు, డాక్టరు కోప్పడితే, "మీకెంతమంది పిల్లోళ్లు సార్" అని అడిగాడు, డాక్టరు చెప్పబోతే గభాల్న ఆయన నోటికి తన చెయ్యి అడ్డం పెట్టాడు. మందలో ఒకటి తప్పిపోతే ఆయనకు అంకె లేకుండానే తెలిసేది. అన్నం తింటూ లేచి పోయేవాడు. అదీ తెలివంటే. దానికి షీట్ కావాలా, దానికి పచ్చ గీత కావాలా? మందు తాగిన మనిషిని తాగలేదని చంపేసింది ఫోన్. గద దెబ్బ సరిగ్గా ఫోన్‌లో మిగిలి ఉన్నంతే తిన్నది, మందు కలిసి ఉంటే ఈరన్న ఈపాటికి నిలబడి రాక్షసుడి మోకాలి చిప్ప మీద గొడ్డలి తిరగేసి వేస్తుండేవాడు, ఎవడైనా వింటే గదా, చెప్పనిస్తే గదా.

సహన వైపు చూసి, బొటనవేలు నోటికి ఆనించి, తల వెనక్కి వంచి గుటక వేసినట్టు చూపించాడు. సహన కిలకిలా నవ్వి, "టీ కావాలంట మామకి" అంది. కాదని తల అడ్డంగా ఊపి, గుండె మీద తట్టుకుని, ఆమెనూ గుండెనూ బుడ్డినీ మార్చి మార్చి చూపించాడు. "చూడు చూడు, గుండె నీకిస్తాడంట, దాసమ్మత్తకి చెప్తా ఉండు" అన్నాడు చేతన్. తనుశ్రీ స్కేలుతో బల్ల మీద కొట్టింది. "సైగలు గూడ చెయ్యగూడదు మామా. నువ్వు స్పృహ తప్పి ఉండావు." స్పృహ తప్పింది ఎవరికి తల్లీ, నాకా మీకా? మళ్లీ వంతు వచ్చింది. మళ్లీ పాచిక. కోపంతో విసిరితే అది బల్ల దాటి, మూటల సందులో దూరి, చేతన్ టార్చి కొట్టి వెతికితే, అక్కడ కూడా చెడ్డగానే పడి ఉంది. రెండో చుక్క ఎర్రబడింది. ఇక మిగిలింది ఒక్కటే. బల్ల మీద తనుశ్రీ ఫోన్ టింగుమంది, నాగేశ్ మెసేజ్, చేతన్ గట్టిగా చదివాడు, "ఎర్రప్పన్న పోయినాడా, నేను రావల్లా?" బతికున్నానురా దరిద్రుడా, ఇంకా ఊపిరుంది, నీ జెరాక్స్ మిషన్‌లో నీ మొహమే ఇరుక్కోనీ.

కాలి మడమ నుంచి మంట నెత్తి దాకా లేస్తోంది. ఈ మంట ఇవాళ్టిది కాదు, ఇది ఎక్కడో ముందొకసారి మండింది, ఎక్కడ, ఎక్కడంటే బీట్లో, సోలార్ పార్కుకు కంచె వెయ్యకముందు, టోపీ పెట్టుకున్న సర్వే మనిషి పలక లాంటి ఫోన్ ఒకటి పట్టుకుని తిరుగుతున్న రోజు. ఈ దారి వదలండి సార్, మా తాతల కాలం నుంచి గొర్రెలు నీళ్లకు పొయ్యే దారి అని చెప్పబోతే, ఆ మనిషి పలకను ఈ వైపు తిప్పాడు, ఆ వైపు తిప్పాడు, రెండు వేళ్లతో సాగదీశాడు, "ఈడ దారే లేదు, చూడు, యాడుండాది?" అని దాన్నే ఎర్రప్ప మొహం ముందు పెట్టాడు. దారి మీదే నిలబడి ఉన్నారు ఇద్దరూ. సర్వే మనిషి బూట్ల కింద గొర్రె పెంటికలు నలుగుతున్నాయి. అయినా దారి లేదు. ఊరి పెద్దమనుషులు పక్కనుంచి "నీకి భూమా ఏమన్నానా, నువ్వు ఊరికే ఉండప్పా" అన్నారు, ఎర్రప్ప ఊరికే ఉన్నాడు. జన్మలో ఒక్కసారి ఊరికే ఉన్నాడు. దారి పోయింది. లేదని ఎవరి చేతిలోదో వెలిగే ముక్క చెబితే లేనట్టేనా, నా కడుపులో మందు ఉంది, నా కడుపుకు తెలుసు, తాగినవాడు ఇక్కడ కూర్చుని ఉంటే వాడిని అడగరా, వాడి ఫోన్‌ను అడుగుతారా? రాక్షసుడి వంతు అయిపోయింది. సహన వంతు అయిపోయింది. తనుశ్రీ పాచిక తీసి ఎర్రప్ప వైపు తోసింది. అది దొర్లుకుంటూ వచ్చి ఆయన మోచేతి దగ్గర ఆగింది. దాన్ని ఆయన ముట్టుకోలేదు.

"వెయ్యను."

ముగ్గురూ తలెత్తారు.

"మామా, రూలు..." అంది తనుశ్రీ.

"నీ రూలు నీ నాయన గల్లాపెట్టెలో పెట్టుకో తల్లీ. పడినోడు కాదు మాట్లాడతాండేది, మందు తాగినోడు మాట్లాడతాండాడు. ముళ్లపంది పొడిచినప్పుడు ఈ పాప బుడ్డి ఇచ్చింది, నేను తాగినా, ఆ మందు యాడికి పోయింది? అడుగు నీ ఫోన్‌ని!"

సహన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఔనక్కా! ఇచ్చినా నేను. అందుకే నా బుడ్డి ఐపోయింది."

చేతన్ ఎర్రప్ప ఫోన్‌ను కిందికీ పైకీ తోశాడు. "షీట్‌లో కలిపినట్టు లేదు కదప్పా. ఎంత పడింది సహనా?"

"నేను చూళ్లేదన్నా, నువ్వు మెట్ల మీద అరుస్తాంటే ఆ పక్క చూస్తాంటి. మామ చూసినాడు."

"మామ చూసినాడా," అని చేతన్ పకపకా నవ్వాడు. "ఐతే ఐపోయిందిలే. మామ చూస్తే నక్క పులైతుంది, కోడి నెమలైతుంది. మామ చెప్పే లెక్క ఎక్కిస్తే ఫోన్ పగుల్తాది."

ఎర్రప్ప మొహంలో నెత్తురంతా చెవుల్లోకి పోయింది. కథ వేరు, ప్రాణం వేరు కాదట్రా? కథలో పొట్టేలు బస్సును గుద్దింది, ఔను గుద్దింది, ఇంకోసారి చెప్పమన్నా గుద్దుతుంది, కానీ దొడ్లో లేని పిల్లను ఉందని ఏనాడైనా చెప్పాడా, సంతలో కుంటిదాన్ని కుంటిది కాదని అమ్మాడా?

తనుశ్రీ చేతన్‌ను స్కేలుతో పొడిచి, ఎర్రప్ప వైపు తిరిగింది. "నువ్వు తాగినావని సహన చెప్తాండాది, నేను ఒప్పుకుంటా. పడిందెంతో చెప్పు మామా. నువ్వు ఎంతంటే అంత. చెప్పకపోతే మాత్రం పాచిక వెయ్యల్ల."

"చెప్పను."

"యాల?"

"ప్రాణాన్ని అంకె పెట్టి చెప్పేది మా ఇంట్లో లేదు. మా నాయన డాక్టరు నోరే మూసినాడు."

"ఐతే నేనెట్ల కలపల్ల మామా?" అంది తనుశ్రీ, ఏడుపు గొంతుతో. "నాకీ నువ్వు పొయ్యేది ఇష్టం లేదు. ఊరికే కలిపితే రేపు వీడు కలుపుకుంటాడు, ఎల్లుండి నాగేశ్ కలుపుకుంటాడు. ఆట ఉంటాదా?"

ఆ మాట న్యాయంగానే ఉంది, న్యాయంగా ఉండటం చూసి ఇంకా కోపం వచ్చింది. గది ఉడికిపోతోంది. కింద సీతారామ్ గురక ఆగి, మళ్లీ అందుకుంది. ఎర్రప్ప ఫోన్ తీసుకుని తనుశ్రీ చేతిలో పెట్టాడు. ప్రాణం పక్కనున్న కూడిక గుర్తు మీద ఆమె వేలు పట్టుకుని ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.

"బొల్లిమూతిది వచ్చింది," అన్నాడు.

తనుశ్రీకి అర్థం కాలేదు.

"తట్టు తల్లీ. దొడ్డి వాకిట్లో ఉండావు నువ్వు, ఒగ గొర్రె లోపలికి పోతే ఒగసారి తట్టు. బొల్లిమూతిది వచ్చింది."

తట్టింది. పచ్చ గీత మొదట్లో సన్నగా ఒక పోగు మొలిచింది.

"తోక తెగింది వచ్చింది. దాని ఎనక దాని పిల్ల. గంట కట్టినది వచ్చింది. అది ఎప్పుడూ తోసుకోని వస్తాది, జాగ్రత్త." తనుశ్రీ తట్టింది, తట్టింది, తట్టింది. సహన పెదాలు కదిలాయి. ఎర్రప్ప కళ్లు తెరవకుండానే, "ఎంచొద్దు పాపా" అని కసిరాడు. సహన గబుక్కున పెదాలు మూసేసింది. "కర్రిది వచ్చింది. చెవి కొరికించుకున్నది వచ్చింది." ఒక్కో పేరుతో పాటు మెడ ఇటునుంచి అటు తిరుగుతోంది, వాకిట్లోంచి దూరేదాన్ని కంటితో లోపలి దాకా సాగనంపుతున్నట్టు. చేతన్ ముందుకు వంగాడు. వాడి మొహంలో నవ్వు ఇంకా పోలేదు, మంద ఎంత పెద్దదవుతుందో, పొట్టేళ్లూ మేకలూ బస్సులో కండక్టరూ అందరూ దూరతారేమో, గీత నిండి ఫోన్ బయటికి కారుతుందేమో అని కాచుకున్నాడు.

"కుంటిది," అన్నాడు ఎర్రప్ప. "నిదానంగా వస్తాది, రానీ." తనుశ్రీ ఆగింది. "వచ్చింది. తట్టు."

తట్టింది. వేలు తియ్యలేదు. తర్వాతది ఏదో చెబుతాడని చూసింది.

"ఐపోయినాయి."

చేతన్ నమ్మలేకపోయాడు. గీత సగం కూడా రాలేదు, అంచున ఎరుపు తడి ఆరలేదు. "అంతేనా మామా? రాక్షసుని దెబ్బ ఇంగొగటి తగిలితే మళ్లా పడతావు. ఇంగా రెండు మూడు ఉండాయేమో చూడు."

ఎర్రప్ప కళ్లు తెరిచాడు. ఆ రోజు సర్వే మనిషిని చూడాల్సిన చూపు, ఇన్నాళ్ల తర్వాత, చేతన్ మీద పడింది.

"పడినన్నే పడినాయిరా. లేనిదాన్ని దొడ్లోకి తోలమంటావా నన్ను?"

చేతన్ తల దించుకున్నాడు. తనుశ్రీ బల్ల మీద పడున్న బొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని, లేపి, రాక్షసుడి కాళ్ల ముందు నిటారుగా నిలబెట్టింది. రాక్షసుడి పాచిక ఆమె చేతిలోనే ఉంది.

"ఇప్పుడు కొట్టమను వాన్ని," అన్నాడు ఎర్రప్ప.